ఒడిలో పండు

పదిహేడు ఇళ్లు తిరిగాక పద్దెనిమిదోది దొరికింది. అల్వాల్‌లో మేడ కింది వాటా. రెండు గదులు, వంటిల్లు, తూర్పు వాకిలి, వెనక బట్టలారేసుకోవడానికి జానెడు జాగా. ఇల్లు దొరికిందని మాధురికి తెలుసు. ఎలా దొరికిందో మాత్రం ఆమె మొగుడు సత్యదేవ్ ఒక్కడికే తెలుసు.

పోయిన వారం అతన్ని ఆ ఇంటి గేటు దగ్గర, చేతిలో తాళంచెవితో, నవ్వాలో వద్దో తెలియని మొహంతో వదిలేశాం. అంతకుముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. వాళ్లుంటున్న లాలాగూడ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు, సోమవారం పొద్దుటికల్లా ఖాళీ చెయ్యాలి. మాధురికి ఐదో నెల. ఆ మాట చెవిన పడగానే ఇళ్లవాళ్ల మొహాలు మారిపోయేవి. మెట్టుగూడ పెద్దాయన, మా పూజగది గోడ ఆనుకునే ఉంది, పురుడు మాకు కుదరదన్నాడు. తార్నాకలో ఒకావిడ, రాత్రీ పగలూ పసిపిల్ల ఏడిస్తే మా వాడి ఎంట్రన్సు ఏం కావాలని అడిగింది. పిల్ల ఇంకా పుట్టనే లేదు, అప్పుడే దానిమీద ఫిర్యాదు! జనరల్ బజార్‌లో కళ్లద్దాల కొట్టులో పనిచేసే సత్యదేవ్ రోజంతా జనానికి చూపు సరిచేసి, సాయంత్రమయ్యేసరికి గుమ్మాల ముందు దిక్కులు చూస్తూ నిలబడేవాడు.

అలాంటివాడికి అల్వాల్‌లో శారదమ్మ దొరికింది. మంచి మనిషి. అద్దె గురించి బేరం లేదు, కులం గురించి ఆరా లేదు. ఒక్కటే అడిగింది: నీ పెండ్లాం కడుపుతోటి లేదు గదా అని. ఆవిడ కూతురు వసుధకి తొమ్మిదేళ్ల తర్వాత కడుపు పండింది, ఏడో నెల, పురిటికి తల్లిగారింటికి వస్తోంది. కడుపుతో ఉన్నవాళ్లు ఇద్దరు ఒకే చూరు కింద ఉండకూడదని వాళ్లత్తగారి కాలం నుంచీ వాళ్లింట్లో పట్టింపు. తొమ్మిదేళ్ల నిరీక్షణ కదా, ఆవిడ భయం ఆవిడది.

లేదండీ, అన్నాడు సత్యదేవ్. అక్కడితో ఆగినా బాగుండేది. అబద్ధం ఆడటం అలవాటు లేనివాడు ఆడితే ఒక్కదానితో ఆగలేడు. ఆవిడ ఇంకా నమ్మలేదేమోనన్న బెదురుతో, పెళ్లయి ఆరేళ్లయిందన్నాడు, తిరగని ఆసుపత్రి లేదన్నాడు, ఇక పుట్టరని డాక్టర్లు తేల్చేశారన్నాడు. పెళ్లయింది నిజానికి రెండున్నరేళ్ల కిందట. మరి అంత కథ నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అది వాళ్లమ్మది. తునిలో ఉండే సుబ్బులు పదకొండేళ్లు పిల్లల్లేక అల్లాడి, అన్నవరం కొండకి మొక్కుకుని ఇతన్ని కన్నది. పేరంటాల్లో పసుపు పళ్లెం తన ముందు నుంచి ఎలా దాటిపోయేదో, బారసాలల్లో పిల్లని తన చేతికి ఇవ్వకుండా ఎలా పక్కకి తిప్పేవారో ఆవిడ చెబుతుంటే వింటూ పెరిగాడు. ఆ దుఃఖాన్నంతా తీసుకెళ్లి అద్దె ఇంటి కోసం వాడుకున్నాడు. శారదమ్మ కళ్లు చెమర్చాయి. చెంగు ముడి విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

మాధురికి మాత్రం, ఆవిడతో అంతా చెప్పాను, ఏమీ అనుకోలేదు అన్నాడు. పదిహేడు చోట్ల కాదనిపించుకున్న ఆ పిల్ల, అలాంటి మనుషులు కూడా ఉంటారా అని ఆశ్చర్యపోయింది. ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలంది.

ఆదివారం మంచిదని శారదమ్మే కబురు పెట్టింది. కింద మీరు పాలు పొంగించుకోండి, పైన మా వసుధ శ్రీమంతం, ఒక్కనాడే రెండు శుభాలు అంది.

పొద్దున లాలాగూడలో మాధురి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంటుంటే పొట్ట తెలిసిపోతుందని సత్యదేవ్‌కి బెదురు పట్టుకుంది. చుడీదార్ వేసుకోరాదా, వదులుగా ఉంటుందన్నాడు. పాలు పొంగించడానికి చుడీదారేంటని నవ్వింది. చెంగు భుజం చుట్టూ కప్పుకో, దిష్టి తగులుతుందన్నాడు. ఆటో దిగేటప్పుడు పాలగిన్నె, సంచీ రెండూ ఆమె చేతుల్లోనే పెట్టి పొట్టకి అడ్డంగా పట్టుకోమన్నాడు. కడుపని తెలిసిన దగ్గర్నుంచీ నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వని మనిషి ఇవాళ బరువులు మోయిస్తున్నాడేమిటా అని ఆమె చూసిందిగానీ, అడగలేదు. ఆమె మనసులో ఇంకేదో సంతోషం ఉంది. పాలు పొంగాక నీకో మాట చెప్పాలంది.

పాలు తూర్పు వైపే పొంగాయి. పొయ్యి మీద పరమాన్నం పడేసింది మాధురి. అది ఉడికి దేవుడికి చూపిస్తేనే తను తినేది, పొద్దుటి నుంచీ గుక్కెడు కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఏమిటా మాటని సత్యదేవ్ అడగబోతుండగా శారదమ్మ మెట్లు దిగి వచ్చింది. పసుపు రాసుకున్న చేతులతో మాధురి రెండు చేతులూ పట్టుకుంది.

"రా బిడ్డా, పైకి పోదాం. నిన్ను మా వసుధ పక్కకు కూసోబెడ్త."

సత్యదేవ్ అడ్డుపడబోయాడు. తనకి ఒంట్లో నలతగా ఉందండీ, ఇంకోసారి వస్తుందిలెండి అన్నాడు. శారదమ్మ అతని వంక చూసిన చూపులో ఎంత జాలి ఉందంటే, అతను తలెత్తలేకపోయాడు. నువ్వు పరేషాన్ గాకు కొడుకా, నాకు ఎరుక లేదా అని ఆవిడ మాధురిని నడిపించుకుపోయింది. అతనూ వెనకే మెట్లెక్కాడు.

పై హాల్లో పదిమంది ఆడవాళ్లు జంపఖానా మీద కూర్చున్నారు. గోడవారగా రెండు కుర్చీలు వేసి, రెంటికీ బంతిపూల దండలు చుట్టారు. ఒకదాంట్లో వసుధ నిండు పొట్టతో, చేతులనిండా గాజులతో కూర్చుని ఉంది. రెండోది ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ కుర్చీ చూసి మాధురి గుమ్మంలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి సత్యదేవ్ వంక చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాల మీద నవ్వుంది. ఆమె డిగ్రీ చదివే రోజుల్లోనే తల్లి పోయింది. నాకెవరు చేస్తారు శ్రీమంతం అని మూడో నెలలో ఒకసారి అంటే, నేనే పీట వేసి గాజులు తొడుగుతాలే అని అతను హాస్యమాడాడు. ఇప్పుడు పరాయి ఇంట్లో, పరాయి తల్లి తనకి కూడా కుర్చీ వేసిందని ఆమె అనుకుంటోంది. ఆమె అలా అనుకుంటోందని సత్యదేవ్‌కి తెలుసు. ఆ క్షణంలో పరిగెత్తుకెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చినా సరిపోయేది. అతను కదల్లేదు.

వరండాలో శారదమ్మ భర్త జంగయ్య అతన్ని పిలిచి కుర్చీ చూపించాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. కాసేపు వీధి వైపు చూసి, గొంతు తగ్గించి, మనసుకు తీసుకోకు అన్నాడు. ఆడోళ్లు నలుగుట్ల కూసోని ఏడుస్తరు, మొగోడు ఎవలికి జెప్పుకుంటడు అన్నాడు. తన అల్లుడు కూడా తొమ్మిదేళ్లు ఇట్లనే తల వంచుకుని తిరిగాడనీ, వాళ్లకి కలిసొచ్చిన డాక్టరమ్మ పేరు రాసిస్తాననీ చెప్పి, జేబులోంచి చీటీ తీసి కళ్లజోడు కోసం తడుముకున్నాడు. ఆ కళ్లజోడు కాడ వదులైంది. సత్యదేవ్ అలవాటు కొద్దీ తీసుకుని గోటితో మర బిగించి ఇచ్చాడు. పెద్దాయన సంతోషించి అతని భుజం తట్టాడు. తిట్టినా భరించేవాడు, ఈ తట్టడం భరించలేకపోయాడు.

లోపల శారదమ్మ వసుధ ఒడి నింపింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, అరటిపళ్లు. తరవాత ఆ ఒడిలోంచే గుప్పెడు బియ్యం, ఒక అరటిపండు తీసి మాధురి ముందుకొచ్చి నిలబడింది. వాళ్లలో అదొక ఆచారం. లేకలేక కడుపు పండిన మనిషి ఒడిలోంచి పండు తీసి, పిల్లల్లేని మనిషి ఒడిలో వేస్తే ఆ భాగ్యం ఇటు కూడా వస్తుందని నమ్మకం. ఆ పండు తిన్నాక ఇచ్చిన వంతు ఇక వెనక్కి రాదంటారు, అందుకే ఎవరికి పడితే వాళ్లకి వెయ్యరు. ఒక్కరికే వేస్తారు.

"చెంగు పట్టు బిడ్డా. ఆరేండ్ల నుంచి ఎన్ని తక్లీఫ్‌లు పడ్డవో, నీ పెనిమిటి అన్ని చెప్పిండు. డాక్టర్లు కాదంటే అయితదా? మా వసుధకు సుత కాదనే అన్నరు. నా బిడ్డ భాగ్యంల నుంచి నీకు పంచిస్తున్న. పొద్దుగూకకముందే తిను, ఒక్క ముక్క సుత ఎవలికీ పెట్టకు."

మాధురి మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. తియ్యడం మరిచిపోయినట్టుంది. ముందు శారదమ్మ వంక చూసింది, తరవాత తన పక్కనున్న పూల దండ వంక, ఆ తరవాత తలుపులోంచి సత్యదేవ్ వంక. ఆమెకి అర్థమైపోయింది. సత్యదేవ్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. తల ఎత్తి పెళ్లాం మొహం చూసే ధైర్యం లేకపోయింది.

చెంగు పట్టకపోతే అంతమందిలో ఆ పెద్దావిడ చెయ్యి గాల్లో ఉండిపోతుంది. మాధురి చెంగు పట్టింది. బియ్యం పడ్డాయి, పండు పడింది. ఎవరో ముసలమ్మ కళ్లొత్తుకుంటూ, సల్లగుండు బిడ్డా అంది. ఒడి ముడి వెయ్యడానికి వసుధ కుర్చీలోంచే పక్కకి వంగింది. ముడి బిగిస్తున్న ఆమె వేళ్లు మాధురి పొట్టకి తగిలి ఒక్క క్షణం ఆగాయి. వసుధ తలెత్తి చూసింది. నెలల తరబడి రోజూ తన పొట్ట తడుముకునే మనిషికి అది ఏమిటో చెప్పనక్కర్లేదు. ముడి వేసి, చేతులు తీసుకుంది.

కిందికొచ్చాక మాధురి తలుపు దగ్గరగా వేసి వంటింటి గట్టు మీద కూర్చుంది. పరమాన్నం అడుగంటుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు, ఎవరూ పొయ్యి కట్టెయ్యలేదు. చివరికి సత్యదేవే కట్టేశాడు.

ఆమె అరవలేదు. అరిస్తే పైకి వినిపిస్తుందనో, అరవడానికి ఓపిక లేకో. కొట్టులో బేరం అడిగినంత మామూలుగా, ఏమేం చెప్పావని అడిగింది. ఆరేళ్లన్నాడు. ఆసుపత్రులన్నాడు. లోపం ఎవరిదన్నావని అడిగితే, ఎవరిదీ చెప్పలేదన్నాడు. అయితే నాదే అనుకుంటారులే అంది.

సోమవారం సంగతి ఎత్తాడు సత్యదేవ్. రేపు సామాను రోడ్డు మీద పెడతారన్నాడు. పదిహేడు గుమ్మాలు ఎక్కి దిగింది తనేనన్నాడు. చెబుతుంటే తనకే ఆ మాటలు చవగ్గా వినిపించాయి. నీ కోసమే చేశాననబోయి, ఆ ముక్క మాత్రం మింగేశాడు.

మాధురి ఒడి ముడి విప్పి పండు బయటికి తీసింది. గట్టు మీద పెట్టింది. మళ్లీ తీసింది.

"నన్నడిగి ఉంటే నేను కూడా అబద్ధం ఆడేదాన్నేమో," అంది. "కడుపు లేదని చెప్పేదాన్ని. ఇల్లు కావాలి కదా, చెప్పేదాన్ని. ఇక పుట్టరని మాత్రం అనేదాన్ని కాదు. ఆ మాట ఎలా వచ్చింది నీకు?"

మా అమ్మ మాట, అని చెప్పబోయి అతను ఊరుకున్నాడు. అది ఇంకా సిగ్గు.

"పాలు పొంగాక ఒక మాట చెబుతానన్నాను గుర్తుందా? పొద్దున చీర కట్టుకుంటుంటే కదిలింది. మొదటిసారి. నువ్వేమో చుడీదార్ వేసుకోమంటున్నావు." ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఇవాళే కదిలింది, ఇవాళే పదిమందిలో అది లేదనిపించావు. నేను చెంగు పట్టి మరీ ఒప్పుకున్నాను."

సత్యదేవ్ నేల మీద కూర్చుండిపోయాడు. ఏడుపు వచ్చింది గానీ, ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించింది. ఆమె అతన్ని ఓదార్చలేదు. వెళ్లి నువ్వే చెప్పమంది. ఇల్లు పోతే పోనీ, స్టేషన్లో వెయిటింగ్ హాలు ఉందిగా అంది. ఆ అబద్ధం ఒంటి మీద పెట్టుకుని ఈ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేనంది. వీధి తలుపు తెరిచి, అతను లేచేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

పైకి పద్దెనిమిది మెట్లు. ఎక్కుతుంటే సత్యదేవ్‌కి అమ్మ గుర్తొచ్చింది. పసుపు పళ్లెం దాటిపోయాక తను నవ్వుతూనే కూర్చునేదాన్నని, ఇంటికొచ్చి పెరట్లో మొహం కడుక్కునేదాన్నని చెప్పేది. ఇందాక మాధురి నవ్వు అచ్చం అలాగే ఉంది. అమ్మని అలా కూర్చోబెట్టినవాళ్లు ఎవరో అతనికి తెలియదు. మాధురిని కూర్చోబెట్టింది మాత్రం తనే. సగం మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగితే, కింద గుమ్మంలో ఆమె ఇంకా నిలబడే ఉంది. ఇక ఎక్కక తప్పలేదు.

పేరంటాళ్లు వెళ్లిపోయారు. శారదమ్మ జంపఖానా మీద కూర్చుని చిందిన బియ్యం గింజలు ఒక్కొక్కటీ ఏరి పళ్లెంలో వేస్తోంది. ఆ గింజలు తొక్కుళ్లలో పడకూడదట. జంగయ్య డాక్టరమ్మ పేరు రాసిన చీటీ మడిచి, ఇందా అని అతని చేతికివ్వబోయాడు. సత్యదేవ్ తీసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మాధురికి ఐదో నెల. మీతో చెప్పిందంతా అబద్ధం. తనకి తెలియదు, ఆడింది నేను. ఇంటి కోసం ఆడాను."

శారదమ్మ చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది. జంగయ్య చీటీని వెనక్కి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. లోపలి గది తలుపు దగ్గర వసుధ నిలబడి ఉంది, ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. తల్లికి ముందే చెప్పలేకపోయిన మనిషిలా ఆమె కూడా కళ్లు దించుకుంది.

తిడుతుందని సత్యదేవ్ ఎదురుచూశాడు. సామాను తీసుకుని ఇప్పుడే పొమ్మంటుందనుకున్నాడు. ఆ మాట అనేస్తే మెట్లు దిగిపోవచ్చని కూడా అనిపించింది. శారదమ్మ ఆ మాట అనలేదు. ఆవిడ అతని వంక చూడటం లేదు, కూతురి పొట్ట వంక చూస్తోంది. తొమ్మిదేళ్లు దేవుళ్లని ప్రాధేయపడి తెచ్చుకున్న భాగ్యంలోంచి తన చేత్తోనే ఒక వంతు తీసి, అవసరం లేని చోట పెట్టేసింది. అది ఇప్పుడిప్పుడే ఆవిడకి అర్థమవుతోంది. మొహం తెల్లబోయింది. లేచి నిలబడటానికి గోడ పట్టుకుంది.

"ఆ పండు," అంది శారదమ్మ. "నీ పెండ్లాం ఆ పండు తిన్నదా?"

మాధురి దాన్ని గట్టు మీద పెట్టడం సత్యదేవ్ చూశాడు, మళ్లీ తీయడం చూశాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదన్న సంగతి గుర్తొచ్చింది. తను మెట్లెక్కి వచ్చాక ఆమె ఏం చేసిందో అతనికి తెలియదు.

"చెప్పు కొడుకా. తిన్నదా, ఉన్నదా?"

మెట్ల మీద మెల్లగా అడుగుల చప్పుడు వినిపించింది. నలుగురూ అటు తిరిగారు. మాధురి చెంగు నడుముకి దోపుకుని, పొట్ట దేనితోనూ కప్పుకోకుండా, ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. రెండో చేతిలో పండు లేదు, తొక్క ఉంది.